సిక్స్ జీ పాసు, ఎనిమిదో తరగతి లేదు

"మీకు వెల్డింగ్ వచ్చా అమ్మా?" అని అడిగారు బ్యాంకు మేనేజరు.

ఆయన ముందున్నది వెల్డింగ్ షెడ్డు కోసం పెట్టిన సబ్సిడీ లోను దరఖాస్తు. అది నా పేరు మీద ఉంది. పక్క కుర్చీలో మా ఆయన కూర్చున్నారు. పన్నెండేళ్లు ఖతార్‌లో పైపులు అతికిన మనిషి. ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు, అందులో ఆరు సర్టిఫికెట్లు. ఆ కవరు గురించి మాత్రం ఎవరూ అడగలేదు.

మాది సోంపేట వైపు. మా ఉద్దానంలో ఇంటికొక మగాడు బయటి దేశంలోనో, ఏదో ఒక ఓడరేవులోనో ఉంటాడు. తిరిగొచ్చి ఇక్కడే ఏదైనా పెట్టుకుందామనుకునేవాళ్లు ఈ మధ్య మా ఇంటికి వచ్చి "ఎలా చేశారు వదినా" అని అడుగుతున్నారు. అందరికీ మొదటి నుంచీ చెప్పలేక ఇలా రాస్తున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి చెట్లను, జీడి తోటను ఒక్క రాత్రిలో పడగొట్టేసింది. అంతకు ముందు సంవత్సరమే ఆయన ఇక గల్ఫ్ చాలనుకున్నారు. తోట పోయాక మళ్లీ వెళ్లక తప్పలేదు. రాస్ లఫాన్‌లో గ్యాస్ పైపుల పని. 2022 డిసెంబరులో ఫుట్‌బాల్ ప్రపంచ కప్ అయిపోయాక చాలా పనులు తగ్గాయి, కాంట్రాక్టు పొడిగించలేదు. 2023 సంక్రాంతికి ఇంటికొచ్చేశారు. ఈసారి పెట్టెలో సబ్బులు, సెంటు సీసాల కంటే కాగితాలే ఎక్కువ.

ఆ కాగితాల సంగతి కాస్త చెప్పాలి. పైపును 45 డిగ్రీలు వాల్చి, కదలకుండా బిగించి, చుట్టూ మనిషే తిరుగుతూ అతకడాన్ని సిక్స్ జీ అంటారు. కింద నుంచి, పక్క నుంచి, తల పైకెత్తి, అన్ని వైపుల నుంచీ చెయ్యాలి. తర్వాత ఆ అతుకును ఎక్స్-రే తీస్తారు, లేదా ముక్కలు కోసి వంచి చూస్తారు. పగులు కనిపిస్తే ఫెయిల్. మా ఆయన ఆ పరీక్ష ఆరుసార్లు పాసయ్యారు. ఆరుసార్లెందుకని నేనూ అడిగాను. ఏఎస్ఎంఈ అనే అమెరికా ఇంజనీర్ల సంఘం రూల్సు ప్రకారం ఆ అర్హత పరీక్ష పెట్టిన కంపెనీ లెక్కలోనే చెల్లుతుంది. కంపెనీ మారితే మళ్లీ పరీక్ష. ఆ పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చెయ్యకపోయినా చెల్లదు. అంటే విమానం దిగి ఆరు నెలలు ఖాళీగా ఉంటే ఆ కవరులో మిగిలేది కాగితమే. పని మాత్రం చేతిలో అలాగే ఉంటుంది.

ఊరికి రాగానే ఒకాయన సలహా ఇచ్చాడు: "గల్ఫ్ సర్టిఫికెట్లు ఇక్కడ ఎవడికీ అక్కర్లేదు, ఎంబసీ ముద్ర వేయించుకో." అక్కడి విదేశాంగ శాఖ ముద్ర, దాని మీద మన ఎంబసీ ముద్ర ఉండాలి. అది అక్కడున్నప్పుడు చేయించుకుంటే తేలిక, వచ్చేశాక ఎవరినో పట్టుకుని పంపించాలి. ఎక్స్‌పీరియన్స్ లెటరు ఒక్కదానికి మాత్రం స్నేహితుడి ద్వారా వేయించాం. నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ ఆ ముద్ర ఎవరూ చూడలేదు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చే ముందే వేయించుకోండి, ఖర్చూ తక్కువ, పైగా మళ్లీ బయటికి వెళ్లాల్సి వస్తే పనికొస్తుంది. ఇక్కడ లోనుకి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

తర్వాత మరొకరు ఆర్‌పీఎల్ గురించి చెప్పారు. బడిలో నేర్చుకోకుండా పనిలోనే నేర్చుకున్నవాళ్లకి పరీక్ష పెట్టి కేంద్ర ప్రభుత్వం సర్టిఫికెట్ ఇస్తుంది. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఇదొక భాగం. కొన్ని రోజులు క్లాసులు, చివర పరీక్ష. ఆ సంవత్సరం జూలైలో ఒక సెంటరులో బ్యాచ్ ఉందంటే వెళ్లారు. నేనూ చివరి రోజు వెళ్లాను, బ్యాంకు జిరాక్సులు తీయించే పని ఉంటే.

పరీక్ష పెట్టడానికి వచ్చిన అబ్బాయికి పాతికేళ్లు కూడా ఉండవు. బల్ల మీద ఒక ఇనుప పలక పెట్టి, "దీని మీద తిన్నగా ఒక బీడ్ వెయ్యండి" అన్నాడు. బీడ్ అంటే ఒకే వరసగా వేసే అతుకు గీత. మా ఆయన నా వైపు చూసి నవ్వారు. అది మా అమ్మాయి చేత "అ" దిద్దించినట్టు ఉంటుంది. నాలుగు నిమిషాల్లో వేసి, స్లాగు, అంటే అతుకు మీద పేరుకున్న పెంకు, దులిపి చూపించారు. నాణేలు వరసగా పేర్చినట్టు ఒకే వెడల్పులో ఉంది. ఆ అబ్బాయి ఫోటో తీసుకున్నాడు, మార్కులు వేసుకున్నాడు. అందరూ వెళ్లిపోయాక మెల్లగా దగ్గరకొచ్చి, "అన్నా, పైపులో రూట్ పాస్ ఎలా వేస్తారో ఒకసారి చూపిస్తావా" అని అడిగాడు. రెండు పైపుల సందులో అడుగున వేసే మొదటి అతుకది. మధ్యాహ్నం రెండింటి దాకా చూపిస్తూనే ఉన్నారు. నాకు బస్సు పోయింది.

ఆ సర్టిఫికెట్ పట్టుకుని శ్రీకాకుళం వెళ్లాం. పొద్దున్న రైలెక్కి ఆమదాలవలసలో దిగాం. పేరు శ్రీకాకుళం రోడ్ స్టేషనే గానీ, అక్కడి నుంచి ఊళ్లోకి మళ్లీ ఆటో. జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఒక అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి అరగంట ఓపిగ్గా చెప్పారు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అందరూ పీఎంఈజీపీ అనేది. తయారీ యూనిట్లకి 50 లక్షల వరకు, సర్వీసు యూనిట్లకి 20 లక్షల వరకు ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. 18 ఏళ్లు నిండితే చాలు, ఆదాయ పరిమితి లేదు. యూనిట్ కొత్తదై ఉండాలి. ఉన్న షాపును పెద్దది చేసుకుంటామంటే కొత్త యూనిట్లకిచ్చే ఈ లోను ఇవ్వరు.

"మీ ప్రాజెక్టు ఎంత?"

"పన్నెండు లక్షలు సార్."

"ఏం చదువుకున్నారు?"

మా ఆయన ఏడో తరగతి మధ్యలో బడి మానేశారు. అది చెప్పి, ఆర్‌పీఎల్ కాగితం ముందు పెట్టారు. దాని పక్కన ఆ ఆరూ పెట్టారు. అధికారి అన్నీ ఒక్కొక్కటిగా చూశారు, తోసెయ్యలేదు. చూసి చెప్పారు: తయారీలో 10 లక్షలు, సర్వీసులో 5 లక్షలు దాటితే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. నైపుణ్యం సర్టిఫికెట్ నైపుణ్యానికే, చదువు లెక్కలోకి రాదు.

తిరుగు రైల్లో మా ఆయన పలాస దాకా ఒక్క మాట మాట్లాడలేదు. పలాసలో జీడిపప్పు వాసన కిటికీలోంచి వచ్చాక అన్నారు, "సముద్రం కింద గ్యాస్ పోయే పైపు అతికాను, అక్కడెవడూ ఏడా ఎనిమిదా అని అడగలేదు."

ఇంట్లో రెండు రోజులు లెక్కలు వేశాం. ప్రాజెక్టు 10 లక్షల లోపు చేసుకుంటే చదువు అడగరు. కానీ షీటు వంచే మిషన్ తీసెయ్యాలి. మేం పెట్టాలనుకున్నది ఒట్టి గేట్లు, కిటికీ గ్రిల్లుల షెడ్డు కాదు. అవి చేసేవాళ్లు ప్రతి జంక్షన్లోనూ ఉన్నారు. పలాస, కాశీబుగ్గ చుట్టూ ఉన్న జీడి పరిశ్రమలకి బోర్మాల్లో పెట్టే ట్రేలు, ట్రాలీలు, బల్లలు చెయ్యాలని. జీడిపప్పు ఎండబెట్టే గదిలాంటి డ్రయ్యరును బోర్మా అంటారు. ట్రేకి అంచులు సమంగా వంగాలి, మిషన్ లేకపోతే వంపు కోసం విశాఖ పంపాలి. లారీ ఖర్చులోనే లాభం పోతుంది. ఓపెన్ స్కూల్లో చదవడం ఇంకో దారి, అది వెంటనే అయ్యే పని కాదు.

మిగిలింది నేను. ఇంటర్ పాసయ్యాను. పెళ్లయ్యాక ఆ సర్టిఫికెట్ బీరువాలో పట్టుచీరల కింద పడి ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది. భార్యాభర్తల్లో ఒక్కరికే ఈ పథకం. నా పేరు మీద పెడితే ఇక ఆయనకి ఎప్పటికీ రాదు. ఆయన ఒప్పుకోవడానికి వారం పట్టింది. కోపం కాదు. ఏం చేస్తున్నావని ఎవరైనా అడిగితే "నా పెళ్లాం దగ్గర వెల్డర్‌ని" అని చెప్పాలా అని. అలాగే చెప్పండి అన్నాను.

అదే సమయంలో, 2023 సెప్టెంబరు 17న, పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. ఊరంతా దాని గురించే మాట. మేమూ ఆశపడి సచివాలయానికి వెళ్లాం. పద్దెనిమిది వృత్తుల జాబితా చదివారు. కమ్మరి ఉంది, వడ్రంగి ఉంది, పడవలు చేసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు ఉన్నారు. వెల్డర్ లేదు. కమ్మరి అని రాయించుకోమని ఒకతను సలహా ఇచ్చాడు. రేపు ఎవరైనా కొలిమి చూపించమంటే ఏం చూపిస్తాం? వద్దనుకున్నాం.

డబ్బు లెక్క ఎలా ఉంటుందో చెబుతాను, ఇది తెలియకే చాలామంది ఏజెంట్ల చేతిలో పడుతున్నారు. మహిళలు, బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీలు, మాజీ సైనికులు, దివ్యాంగులకి పల్లెలో 35 శాతం, పట్టణంలో 25 శాతం సబ్సిడీ. మిగతావాళ్లకి 25, 15. ముందు మేం కాశీబుగ్గలో రోడ్డు పక్క షాపు చూశాం. అది మున్సిపాలిటీ, 25 శాతమే. మా ఊరి పంచాయతీలో పెడితే 35. పన్నెండు లక్షల మీద తేడా 1,20,000. అందుకే ఊళ్లోనే పెట్టాం. మా లెక్క: సొంత డబ్బు 5 శాతం, అంటే 60,000. బ్యాంకు ఇచ్చేది 11,40,000. సబ్సిడీ 4,20,000. అది మన చేతికి రాదు. బ్యాంకులో మన పేరు మీద మూడేళ్లు డిపాజిట్‌గా కూర్చుంటుంది. దానికి వడ్డీ ఇవ్వరు, లోనులో అంత భాగానికి వడ్డీ తీసుకోరు. మూడేళ్లు యూనిట్ నడుస్తోందని చూశాక లోనులో కలుపుతారు. "సబ్సిడీ మీ చేతికి తెప్పిస్తాను, పది శాతం నాకివ్వండి" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యండి. మా దగ్గరకీ ఒకడు వచ్చాడు.

దరఖాస్తు ఆన్‌లైన్లో ఉచితం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా నమోదు, అది కూడా ఆధార్, పాన్ ఉంటే ఉచితం. నాకా సంగతి తెలిసేసరికి ఒక నెట్ సెంటరులో 1,500 ఇచ్చేశాను. నా తెలివి అంతే.

కాగితాల్లో అన్నింటికంటే తమాషా అయింది లీజు. ప్రాజెక్టులో స్థలం ఖరీదు కలపకూడదు, షెడ్డు కట్టుబడి కలపొచ్చు. స్థలం మావయ్య పేరు మీద ఉంది. కాబట్టి ఆయన నాకు లీజు రాసివ్వాలి. ఏడాది దాటిన లీజు రిజిస్ట్రేషన్ చేయించాలి. విని మావయ్య నోరు తెరిచారు. "కోడలికి మావ అద్దెకిచ్చీడమేటి? ఊళ్లో ఇంటే నవ్వరా?" సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర వేస్తూ కూడా అదే మాట. నెలకి వంద రూపాయలు అద్దె అని రాశాం. మొదటి నెల నిజంగానే వంద తీసుకెళ్లి ఇచ్చాను. జేబులో పెట్టుకున్నారు.

మొదటి బ్యాంకు రెండు నెలలు ఉంచుకుని టార్గెట్ అయిపోయిందని పంపేసింది. దరఖాస్తులో రెండో బ్యాంకు పేరు కూడా రాసే వీలుంది, అది ఖాళీగా వదలకండి. మా పని అయింది ఆ రెండో బ్యాంకులోనే. మొదట చెప్పిన ప్రశ్న అక్కడిదే.

"వెల్డింగ్ రాదండీ," అన్నాను. "ఏ రాడ్డు దేనికో మాత్రం తెలుసు."

"చెప్పండి."

"గేట్లకీ గ్రిల్లులకీ 6013. బరువు మోసే జాయింట్లకి 7018. 7018ని ఓవెన్‌లో వేడి చేసి వాడాలి, చెమ్మ పట్టిన రాడ్డుతో అతికితే లోపల పగులు వస్తుంది. బయటికి కనపడదు. స్టీలు ట్రేలకి రెండూ కాదు, ఆర్గాన్ గ్యాస్ వెల్డింగ్."

ఆయన పెన్ను కింద పెట్టారు. తర్వాత అరగంట అసలు ప్రశ్నలు అడిగారు. రోజుకి ఎన్ని ట్రేలు, కరెంటు బిల్లు ఎంత, డబ్బు ఎన్నాళ్లకి వసూలవుతుంది, ఆయన మళ్లీ గల్ఫ్ వెళ్లిపోతే షెడ్డు ఎవరు నడుపుతారు. ఈ చివరి ప్రశ్నే అసలైనదని నాకు అప్పుడు అర్థమైంది. భర్త వ్యాపారానికి భార్య పేరు అడ్డం పెట్టారేమోనని ఆయన అనుమానం. అందులో తప్పేం లేదు, అలాంటివి ఎన్ని చూశారో. ప్రాజెక్టు రిపోర్టు డబ్బిచ్చి రాయించుకోకుండా నేనే నెల రోజులు కూర్చుని రాశాను కాబట్టి ప్రతి అంకె నోటికి వచ్చింది. ఆర్‌పీఎల్ కాగితం కూడా ఇక్కడే పనికొచ్చింది. యూనిట్‌లో నైపుణ్యం ఉన్న మనిషి ఎవరంటే ఆ కాగితం చూపించాం, ఫైల్లో పెట్టుకున్నారు. ఖతారు ఆరింటిలో దేన్నీ తీసుకోలేదు. లెటర్‌హెడ్ మీద అరబిక్ అక్షరాలు చూసి, "బాగున్నాయి" అన్నారంతే.

పొలం తాకట్టు అడిగారు. ఇవ్వలేమన్నాం. లోను 10 లక్షలు దాటింది కాబట్టి, తాకట్టు లేని లోన్లకి బ్యాంకుకి హామీ ఇచ్చే గ్యారంటీ ట్రస్టు కింద పెట్టారు, దాని ఫీజు మా ఖాతాలోంచే పోయింది.

2024 ఫిబ్రవరిలో లోను మంజూరైంది. ప్రాజెక్టు 5 లక్షలు దాటితే పది రోజుల శిక్షణ తప్పనిసరి, అది పూర్తయితేనే సబ్సిడీ. శిక్షణ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పుస్తకాలు రాయడం, జీఎస్‌టీ, అప్పు అడిగేవాడితో ఎలా మాట్లాడాలి. ముప్పై మందిలో ఆడవాళ్లం ఐదుగురం. మిగతా నలుగురిలో ముగ్గురివి నాలాంటి కథలే. మేలో ఎన్నికలు, అందరూ డ్యూటీల్లో ఉండిపోయారు. మిషన్ల డబ్బు బ్యాంకు నేరుగా విశాఖ షాపుకే పంపింది. త్రీ ఫేజ్ కనెక్షన్ వచ్చాక ఆర్గాన్ మిషన్ ఆన్ చేసిన రోజు మా ఆయన పాత ఖతార్ కవరాల్ తొడుక్కున్నారు. కంపెనీ పేరు రాసి ఉన్న చోట నేను గుడ్డ అతికాను.

జూలైలో సబ్సిడీ డిపాజిట్ అయింది. అసలు జాగ్రత్త పడాల్సింది దాని తర్వాతే. ఆగస్టు, సెప్టెంబరు స్టేట్‌మెంట్లు తీసుకుని చూస్తే వడ్డీ మొత్తం 11,40,000 మీదే వేశారు. 4,20,000 మీద వడ్డీ వెయ్యకూడదు. మా వడ్డీ 11 శాతం, నెలకి 3,850 అదనం. రెండు నెలలకి 7,700. కౌంటరులో అడిగితే సిస్టమ్ అలా తీసుకుందన్నారు. కాగితం మీద రాసి, డిపాజిట్ తేదీ వేసి, ఒక కాపీ మీద ముద్ర వేయించుకున్నాను. పద్దెనిమిది రోజులకి వెనక్కి వేశారు. మా బ్యాచ్‌లో శిక్షణకొచ్చిన ముగ్గురికి ఫోన్ చేసి చూసుకోమన్నాను. ఇద్దరికి అలాగే పడింది. అందులో ఒకావిడ స్టేట్‌మెంట్ ఎప్పుడూ అడగనే లేదు.

ఇప్పుడు షెడ్డులో మేం కాక ఇద్దరు కుర్రాళ్లు ఉన్నారు. ట్రేలు, ట్రాలీలు బాగానే పోతున్నాయి, జీడి సీజన్ లేనప్పుడు గేట్లే దిక్కు. ఒక మిల్లు ఆయన స్టీమ్ బాయిలరు బాగు చెయ్యమని రెండుసార్లు అడిగారు. మా ఆయన చెయ్యగలరు, కానీ చెయ్యరు. దానికి బాయిలర్ల శాఖ పరీక్ష పెట్టి ఇచ్చే సర్టిఫికెట్ వేరే ఉంది. ఏడో కాగితం అన్నమాట.

షెడ్డు ముందు పథకం పేరుతో బోర్డు ఉండాలి, చూడటానికి వచ్చేవాళ్లు దాని ఫోటో తీసుకుంటారు. ఫ్రేము ఆయనే చేశారు. పెయింటరు ప్రొప్రైటర్ పేరు అడిగితే నా పేరు రాయించి, కింద ఫోన్ నంబరు తనది రాయించుకున్నారు. ఊళ్లో మాత్రం అందరూ ఖతార్ షెడ్డనే అంటారు.

మొన్న ఆదివారం కవిటి నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. ఎనిమిదేళ్లు ఓడల మీద పని చేశాడట. చేతిలో అలాంటిదే ప్లాస్టిక్ కవరు. విప్పి సర్టిఫికెట్లు తియ్యబోతుంటే ఆగమన్నాను.

"ముందిది చెప్పు బాబూ. ఎనిమిది పాసయ్యావా?"

"పది ఫెయిలొదినా."

"పది దాకా వెళ్లావంటే ఎనిమిది పాసైనట్టే కదా. రేపు బడికెళ్లి ఆ సర్టిఫికెట్ తెచ్చుకో. ఇవి తర్వాత చూద్దాం."